వందలో ఏడు

మా సంస్థలో కంప్యూటర్ల బాగోగులు చూసే ఆయనను అందరూ ఖాళీరావు అంటారు. నోరు తెరిస్తే "ఖాళీ చేయండి" అనడమే ఆయన పని. డిస్కులు నిండిపోతున్నాయి, పాత ఫైళ్లు తీసేయండి, లేకపోతే నేనే తీసేస్తానని నెలకోసారి అందరికీ ఉత్తరం పెడతాడు. ఇరవై ఏళ్లుగా నేను ఆ ఉత్తరాలను చదవకుండానే పారేస్తున్నాను. నా ఫైళ్ల జోలికి ఎవరొచ్చినా ఒంటికాలి మీద లేస్తానని ఆయనకూ తెలుసు.

ఈసారి మాత్రం ఉత్తరంతో సరిపెట్టలేదు. సోమవారం పొద్దున నేను గది తలుపు తీసేసరికే వరండాలో నిలబడి ఉన్నాడు. సంస్థ మొత్తంలో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది నేనేనట. అందులో బోలెడన్ని ఒకే ఫైలుకు నకళ్లట. నకళ్లను వెతికి పట్టే చిన్న ప్రోగ్రాం తానే రాశాడట. రెండు ఫైళ్ల మధ్య ఒక్క అక్షరం కూడా తేడా లేకపోతే అది ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని చెరిపేస్తుందట. శుక్రవారం దాకా గడువిచ్చి, అప్పటికీ నేను ఏదీ తేల్చకపోతే తానే చెరిపేస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

నేను నకళ్లు దాచుకునే మనిషిని కాను. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన ప్రోగ్రాం తప్పని నిరూపించి, ఆ కాగితం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాలన్న పంతంతోనే దాన్ని నా ఫైళ్ల మీద నడిపించాను. ఒక్కో ఫోల్డర్‌నూ చూసుకుంటూ పోయింది. పదకొండేళ్ల కిందటి ఫోల్డర్ దగ్గర ఆగి, తెర మీద ఇలా రాసింది: మొత్తం ఫైళ్లు వంద. వేరువేరుగా ఉన్నవి ఏడు. నకళ్లు తొంభై మూడు. చెరిపేయమంటారా? కింద అవును, కాదు అని రెండు గళ్లు.

ఆ వందా ఏమిటో చెప్పకపోతే నా పరిస్థితి అర్థం కాదు.

నా పని ఎలక్ట్రాన్లను లెక్కించడం కాదు, వాటి కాపురాన్ని లెక్కించడం. ఒక్క ఎలక్ట్రాన్ ఏం చేస్తుందో కాలేజీ పిల్లలు కూడా చెబుతారు. పదులు, వందలు ఒకచోట చేరినప్పుడే తలప్రాణం తోకకొస్తుంది. చదరంగం బల్లలా అరవై నాలుగు గళ్లు ఊహించుకోండి. ఒక గడిలో రెండింటికి మించి పట్టవు. ఆ రెండూ ఒకే గడిలో ఉండాలంటే, పడని తోడికోడళ్లు ఒకే వంటింట్లో సర్దుకున్నంత కష్టం. అలాగని కుదురుగానూ ఉండవు, పక్క గడిలోకి దూకుతూనే ఉంటాయి. అవి ఎన్ని రకాలుగా కూర్చోగలవో అన్నీ రాసి పెట్టాలంటే, లోకంలో ఉన్న డిస్కులన్నీ ఖాళీరావు చేత ఖాళీ చేయించినా చాలవు.

అందుకని మేం పాచికలు వేస్తాం. కంప్యూటర్ పాచిక వేసి ఒక అమరిక నుంచి ఇంకో అమరికకు వెళుతుంది, అక్కడ చూసింది రాసుకుంటుంది, మళ్లీ పాచిక వేస్తుంది. కొన్ని కోట్లసార్లు తిరిగాక సగటు తీస్తాం. పైగా ఎలక్ట్రాన్లకు ఒక పాడు గుణం ఉంది. రెండు ఎలక్ట్రాన్లు చోట్లు మార్చుకుంటే లెక్కలో గుర్తు తిరగబడుతుంది, ప్లస్సు మైనస్సు అవుతుంది. కొండంత ప్లస్సు, కొండంత మైనస్సు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలిన గోరంతే మాకు కావలసిన జవాబు. దాన్ని ఒక్క కంప్యూటర్ చెబితే నమ్మలేం. వంద కంప్యూటర్లకు అదే పని అప్పగించి, ఎవరి పాచికలు వాళ్లు వేసుకోమంటాం. వందమంది సాక్షులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఇంచుమించు ఒకే మాట చెబితే అప్పుడు నమ్ముతాం. ఎంతవరకు నమ్మవచ్చో దానికీ లెక్క ఉంది. జవాబు అటూ ఇటూ ఎంత జరగవచ్చో చెప్పే ఆ కొలతను మేం హద్దు అంటాం. సాక్షులు పెరిగేకొద్దీ హద్దు తగ్గుతుంది.

కంప్యూటర్ వేసే పాచికలు నిజం పాచికలు కావు. మొదట ఒక సంఖ్య ఇస్తే, దాని నుంచి మిగతావన్నీ పుట్టిస్తుంది. ఆ మొదటి సంఖ్యను విత్తనం అంటాం. విత్తనం ఒకటే అయితే పడే పాచికలూ అవే, వచ్చే జవాబూ అదే, చివరి అంకె దాకా. అందుకే వందమందికి వంద విత్తనాలు ఇవ్వాలి. పదకొండేళ్ల కిందట నేను వాటిని గడియారం నుంచి తీసుకున్నాను. ప్రతి కంప్యూటరూ తాను పని మొదలుపెట్టిన సెకను ఏదో చూసుకుని, దాన్నే విత్తనంగా వాడుకోవాలి. వంద కంప్యూటర్లు వంద వేరువేరు సెకన్లలో మొదలవుతాయని అనుకున్నాను. అనుకోవడమే తప్ప చూడలేదు.

రెండు ఫైళ్లు తెరిచి పక్కపక్కన పెట్టుకున్నాను. మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా తేడా లేదు. ఇంకో రెండు తెరిచాను. వాటికీ లేదు. ఫైలు బరువు పెరుగుతుందని కంప్యూటర్ పేరూ, వేళా కూడా రాయకుండా ఉత్త అంకెలే రాయించిన నా పొదుపు వల్ల అవి అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయి. అప్పట్లో నేను చూసింది సగటును, హద్దును. వంద ఫైళ్లలో ఒక్కటైనా తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఆ ఏడుగురు సాక్షులను వందమందిగా నిలబెట్టి నేను ఓడించింది మా తమ్ముడిని.

వాడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. అప్పుడు రెండో అంతస్తులో ఇంకో ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేస్తున్నాడు. ఇద్దరం వేరువేరు దారుల్లో ఒకే ప్రశ్న మీద పడ్డాం. ఆ చదరంగం బల్ల మీద నుంచి కొన్ని ఎలక్ట్రాన్లను తీసేస్తే, మిగిలిన ఖాళీలు చారల్లా వరస కడతాయా, లేక జతజతలుగా తిరుగుతాయా అన్నది ప్రశ్న. చారలు ఎంత బలంగా ఉన్నాయో చెప్పే సంఖ్య ఒకటి ఉంటుంది. వాడికి సున్నా పాయింటు పదకొండు వచ్చింది, అంటే చారలున్నట్టు. నాకు సున్నా పాయింటు సున్నా మూడు వచ్చింది, హద్దు సున్నా పాయింటు సున్నా రెండు. అంటే లేనట్టే.

వాడు తన ఫలితాన్ని అందరి ముందూ వివరించిన రోజున నేను వెనక వరసలో కూర్చున్నాను. వాడు ముగించగానే లేచాను. ఇంట్లో ఒక మాట చెప్పి ఉండవచ్చు, ముందు రోజు టీ తాగుతూ చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. తమ్ముడని వెనకేసుకొచ్చిందని ఎవరైనా అంటారేమోనని కాస్త గట్టిగానే అన్నాను.

"నా దగ్గర వంద వేరువేరు లెక్కలున్నాయి. నీ జవాబు నాదానికి నాలుగు హద్దుల దూరంలో ఉంది. అంత దూరం నేను తప్పడం జరగదు. నీ ప్రోగ్రాంలో ఎక్కడో పొరపాటుంది, వెతుక్కో."

వాడు నా వైపు చూసి "సరే అక్కా" అన్నాడు. హాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఆ తరువాత వాడి ప్రొఫెసర్‌కు ధైర్యం చాలలేదు, పొరపాటు దొరికేదాకా ఏదీ అచ్చు వేయించవద్దన్నాడు. నా వ్యాసం మాత్రం పత్రికలో అచ్చయింది. వాడు ఎనిమిది నెలలు వెతికాడు. దొరకలేదు. తొమ్మిదో నెలలో బల్ల సర్దేసుకుని, నగరంలో ట్రాఫిక్ సిగ్నళ్లు నడిపే కార్యాలయంలో ఉద్యోగం వెతుక్కున్నాడు. నేను ముక్కుసూటిగా మాట్లాడే మనిషినని, అదంతా వాడి మంచికేనని ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మాను.

మా మధ్య మాటలేం ఆగలేదు. ఆదివారాలు వాడూ మరదలూ మా ఇంటికొస్తారు. పిల్లల గురించి, అద్దె ఇళ్ల గురించి, వాడి మోకాలి నొప్పి గురించి మాట్లాడుకుంటాం. ఎలక్ట్రాన్ల మాట ఎవరూ ఎత్తరు. కానీ వాడిలో ఒక మార్పు వచ్చింది, అది నాకు ఎప్పుడో కనిపించింది. మా ఇంట్లో అలమర బిగించినా మేకు కొట్టిన ప్రతిసారీ "సరిగ్గానే ఉందా అక్కా" అని అడుగుతాడు. బస్సు వేళలు తాను చూసి, మళ్లీ మరదలి చేత చూపిస్తాడు. చిన్నప్పుడు వాడు అలా ఉండేవాడు కాదు. లెక్క చేశాడంటే పుస్తకం మూసేసి ఆటకు పోయేవాడు. తన చేతి మీద తనకు నమ్మకం పోయింది. అది పోగొట్టింది నేనని మొన్న సోమవారం దాకా నాకు తట్టలేదు, తట్టనివ్వలేదు అనడం సబబేమో.

మంగళవారం నేనే ఖాళీరావు గదికి వెళ్లాను. ఆ రోజుల్లో పనులు కంప్యూటర్లకు ఏ వేళకు అందాయో ఆ చిట్టా ఉందా అని అడిగాను. అందరి పాతవీ చెరిపే మనిషి తన పాతవి ఒక్కటీ చెరపలేదు, రెండు నిమిషాల్లో తీసిచ్చాడు. నా వంద పనులూ ఏడు గుక్కల్లో వెళ్లాయి. ఒక సెకనులో పదహారు, ఇంకో సెకనులో పదిహేను, అలా. ఆయన తెర వైపు చూసి మామూలుగా అన్నాడు, "పనులు పంచే ఆ పాత యంత్రం అంతేనండి, గుక్కగుక్కగా వదిలేది. అది అందరికీ తెలిసిందే కదా." నేను తల ఊపి వచ్చేశాను. అందరికీ తెలిసినది నాకు తెలియకపోవడం కాదు బాధ. ఎవరినీ అడగాలని కూడా నాకు అనిపించలేదు.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. బుధవారం మధ్యాహ్నం అన్నం తినడం మానేసి ఆ తెర ముందే కూర్చున్నాను. "అవును" అన్న గడి మీద బాణం గుర్తు పెట్టి ఉంచాను. నొక్కితే ఖాళీరావు సంతోషిస్తాడు, తొంభై మూడు ఫైళ్లు పోతాయి, అవి నకళ్లని చెప్పే ఆధారమూ వాటితోనే పోతుంది. ఆ వ్యాసాన్ని ఇప్పుడు ఎవరూ తిరగేయరు. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ తేలలేదు, రెండు వైపులా వాదించేవాళ్లు ఉన్నారు, అందరూ పెద్ద పెద్ద యంత్రాల మీదకు వెళ్లిపోయారు. నా ఉద్యోగానికి ఢోకా లేదు. వాడు ట్రాఫిక్ సిగ్నళ్లతో సుఖంగానే ఉన్నాడు. ఇప్పుడు కెలికి పుండు మీద కారం చల్లడం ఎందుకని నాకు నేనే ఎంతో దయగా నచ్చజెప్పుకున్నాను.

ఆ దయకు తోడు దొరుకుతుందేమోనని మరదలికి ఫోన్ చేశాను. వాడితో పాత లెక్కల గురించి మాట్లాడాలి, ఎప్పుడు రమ్మంటావని అడిగాను. ఆమె నెమ్మదస్తురాలు, నాతో ఎన్నడూ గొంతు పెంచి మాట్లాడలేదు, ఆ రోజూ పెంచలేదు.

"ఆ మాటలు మా ఇంట్లో వద్దు వదినా. రాత్రిళ్లు లేచి కూర్చుని, ఎక్కడ తప్పు చేశానో అని కాగితాలు తిరగేసేవారు. అది మానడానికి ఆయనకు మూడేళ్లు పట్టింది. మీరు మళ్లీ తప్పు చూపించడానికైతే రావొద్దు."

తప్పు చూపించడానికేనమ్మా, అన్నాను, నాది. ఆమె, గురువారం ఆయనకు పగటి డ్యూటీ అని, రెండింటి దాకా కాస్త తీరికగా ఉంటారని చెప్పి పెట్టేసింది.

బాణం గుర్తును "కాదు" మీదకు జరిపి నొక్కాను. వ్యాసం అచ్చువేసిన పత్రికకు ఒక ఉత్తరం రాశాను. చిన్న ఉత్తరమే, కానీ నాలుగుసార్లు రాయాల్సి వచ్చింది. మొదటి మూడుసార్లూ తప్పంతా ఆ పాత యంత్రం మీదకు నెట్టేశానని, చదువుకున్నప్పుడే కనిపించింది.

సిగ్నళ్ల కార్యాలయం ఐదో అంతస్తులో ఉంది. పదకొండేళ్లలో నేను అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. గోడ నిండా చిన్న చిన్న తెరలు, ఒక్కో దానిలో ఒక్కో కూడలి. మధ్యలో పెద్ద పటం, దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలు మారుతూ ఉన్నాయి. పదిమంది కుర్చీల్లో కూర్చుని తక్కువ గొంతుతో ఫోన్లలో మాట్లాడుకుంటున్నారు. తమ్ముడు నన్ను చూసి కంగారుగా లేచాడు, ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. ఏమీ కాలేదని చెప్పి పక్కనున్న కుర్చీ లాక్కున్నాను.

వాడి చేతిలో పని ఉంది, అయ్యేదాకా ఆగాను. ఆసుపత్రి దగ్గర కూడలిలో, రోడ్డు దాటేవాళ్లకు ఇంకో నాలుగు సెకన్లు ఇవ్వాలట. ఆ నాలుగు సెకన్లు ఇస్తే చుట్టుపక్కల ఎన్ని వీధుల్లో బళ్లు ఆగుతాయో కంప్యూటర్ మీద నడిపించి చూశాడు. మళ్లీ నడిపించాడు. మూడోసారీ నడిపించాడు. మూడుసార్లూ సరిగ్గానే వచ్చింది. అయినా పక్క కుర్చీలో ఉన్న అమ్మాయిని పిలిచి, ఒకసారి చూసి పెట్టమన్నాడు. ఆమెకు అలవాటే అనుకుంటాను, తెర వైపు ఒక్క చూపు చూసి సరిగ్గానే ఉందని చెప్పింది. అప్పుడు నొక్కాడు.

నేను చిట్టా, ఉత్తరం రెండూ వాడి ముందు పెట్టాను. ఉత్తరం ఇంకా పంపలేదని, ముందు వాడు చదవాలని చెప్పాను. ఉపోద్ఘాతం ఏమీ చెప్పలేదు. వాడు ఉత్తరం జోలికి వెళ్లలేదు. చిట్టా తీసుకుని, వేళల వరస మీద వేలు పెట్టి కిందకు జరుపుకుంటూ పోయాడు. సగం దాకా వచ్చి ఆగాడు.

"విత్తనం గడియారం నుంచి తీసుకున్నావా?"

అవునన్నాను. ఎన్ని వచ్చాయని అడిగాడు. ఏడని చెప్పాను. సాక్షులు ఏడుగురే అయితే హద్దు ఎంత పెరుగుతుందో పెన్ను తీసి కాగితం వెనక లెక్క వేశాడు. వందను ఏడుతో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు మూడు పాయింటు ఎనిమిది. నా హద్దును దానితో గుణిస్తే సున్నా పాయింటు సున్నా ఏడు ఆరు. మా ఇద్దరి జవాబుల మధ్య తేడా సున్నా పాయింటు సున్నా ఎనిమిది. నేను సోమవారం గంటసేపు కూర్చుని తేల్చినదాన్ని వాడు అర నిమిషంలో తేల్చాడు. నాలుగు హద్దులు అనుకున్నది ఒక్క హద్దు. అంత తేడా ఎవరికైనా, ఏ లెక్కలోనైనా వస్తుంది.

"అయితే నాది కరెక్టేనా?" అన్నాడు. ఆ ప్రశ్న అడిగినప్పుడు వాడి ముఖం పాతికేళ్ల కుర్రాడి ముఖంలా ఉంది. నేను అవునని చెప్పి ఉంటే ఇద్దరికీ ఎంత హాయిగా ఉండేదో.

"తెలీదురా. చారలు ఉండొచ్చు, లేకపోవచ్చు. నీది తప్పని అనే హక్కు మాత్రం నాకు లేదు. ఇప్పుడు కాదు, ఆ రోజు కూడా లేదు."

వాడు పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఎనిమిది నెలలు ప్రోగ్రాంలో ప్రతి వరసా చదివానని, పదకొండు వందల వరసలనీ, కొన్ని ఇప్పటికీ కంఠతా వచ్చుననీ మెల్లగా చెప్పాడు. తప్పు కనపడకపోతే తప్పు లేదనుకోలేదట, దాన్ని చూసే కళ్లు తనకు లేవనుకున్నాడట. నాకు సిగ్గేసింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే వాడే నన్ను ఓదార్చాల్సి వస్తుందని పళ్ల బిగువున ఆపుకున్నాను. నన్ను తిట్టరా అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆ రోజు నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే అక్కా. ఆ వందా వేరువేరేనా, నువ్వు చూశావా అని. మొదటి సంవత్సరం పిల్లలు కూడా అడుగుతారు. ఇంకెవరు లేచి ఆ మాటన్నా అక్కడే అడిగేసేవాణ్ని. నువ్వన్నావు కాబట్టి అడగలేదు. మా అక్క చూసే ఉంటుందనుకున్నాను."

పటం మీద చుక్కలు మారుతున్నాయి. ఎవరిదో ఫోన్ మోగింది, ఎవరో తీశారు. నా మీద ఉన్న నమ్మకంతోనే వాడు పదకొండేళ్లు తన మీద నమ్మకం లేకుండా బతికాడు. దానికి క్షమాపణ అనే మాట ఎంత చిన్నదో నాకు తెలుస్తూనే ఉంది, అయినా చెప్పాను. వాడు విన్నాడు. పర్లేదు అనలేదు. అననందుకు మనసులోనే వాడికి దణ్ణం పెట్టుకున్నాను.

"ఇప్పుడు అడుగు," అన్నాను.

వాడు నన్ను తేరిపార చూశాడు. కుర్చీ నా వైపు తిప్పుకుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"అక్కా, ఆ వంద లెక్కలూ వేరువేరేనా? నువ్వు చూశావా?"

"కావు. నేను చూడలేదు," అన్నాను. ఆ రోజు హాల్లో మాట్లాడినంత గట్టిగానే అన్నాను. పక్క కుర్చీలో అమ్మాయి, ఆ పక్కన ఇంకో ఇద్దరు, తలలెత్తి మా వైపు చూశారు.